ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి

‘ఫ్రోజెన్’ అని వెతికితే ముందు డిస్నీ వాళ్ళ మంచు రాణి ఎల్సా వస్తుంది. ఆవిడని దాటుకుని ఇంకాస్త కిందకి వెళ్తే బ్రయనీ లావరీ నాటకం దొరుకుతుంది. మా ఇంట్లో అయిదేళ్ళ పిల్ల ఉంది. పుస్తకం పార్సిల్లో రాగానే అట్ట మీద పేరు కూడబలుక్కుని నాకంటే ముందు తనే లాక్కుంది. లోపల బొమ్మలు లేవని తెలిసాక తిరిగి ఇచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను, ఎందుకంటే ఈ నాటకం మొదలయ్యేదే ఒక పదేళ్ళ పిల్ల అమ్మమ్మ ఇంటికి వెళ్తూ దారిలో మాయమైపోవడంతో.

అసలు నేను ఈ నాటకం దగ్గరికి తిన్నగా రాలేదు. 2020లో అలెక్స్ గిబ్నీ తీసిన ‘క్రేజీ, నాట్ ఇన్సేన్’ అనే డాక్యుమెంటరీ ఒకటుంది. డొరతీ లూయిస్ అనే మానసిక వైద్యురాలి గురించి. జైళ్ళకి వెళ్ళి, హంతకుల ఎదురుగా కూర్చుని, వాళ్ళతో గంటలకొద్దీ మాట్లాడి, ఆ టేపులన్నీ దాచుకున్న మనిషి. టెడ్ బండీని ఉరుకుర్చీ... కాదు, కరెంటు కుర్చీ ఎక్కించే ముందు రోజు కూడా ఆమె అతనితో మాట్లాడింది. డాక్యుమెంటరీ అయ్యాక ఆమె గురించి వెతుకుతుంటే మాల్కమ్ గ్లాడ్‌వెల్ వ్యాసం తగిలింది, అందులోంచి ఈ నాటకం తగిలింది. అంటే ముందు ఆరోపణ చదివాను, తర్వాత సంజాయిషీ చదివాను, చిట్టచివర్న అసలు వస్తువు చదివాను. ఇలా చదవడం నాటకానికి అన్యాయమే. కానీ మొదటి వరసలో చదివుంటే నాకు ఈ వ్యాసం రాయాలనిపించేది కాదేమో.

నాటకం సంగతి ముందు చెప్తాను. 1998లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్లో మొదటిసారి ఆడింది. 2002లో లండన్ నేషనల్ థియేటర్‌కి, 2004లో న్యూయార్క్‌కి, అక్కణ్ణుంచి బ్రాడ్‌వేకి వెళ్ళింది. అక్కడ హంతకుడి వేషం వేసిన బ్రయన్ ఓబర్న్‌కి టోనీ అవార్డు వచ్చింది. 2018లో సురాన్ జోన్స్ తల్లి పాత్రలో లండన్‌లో మళ్ళీ వేశారు.

పాత్రలు మూడే. నాన్సీ, మాయమైన రోనా తల్లి. రాల్ఫ్, ఆ పిల్లనీ మరికొందరు పిల్లల్నీ చంపినవాడు. అగ్నెతా, వరుస హంతకుల మెదళ్ళ మీద పరిశోధన చేస్తూ, రాల్ఫ్‌తో మాట్లాడటానికి అమెరికా నుంచి ఇంగ్లండు వచ్చిన మానసిక వైద్యురాలు. ఇరవై ఏళ్ళకి పైగా సాగే కథ. మొదట్లో చాలాసేపు ముగ్గురూ విడివిడిగా మనతోనే మాట్లాడతారు. ఒకే వేదిక, కానీ ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి వినపడదు. నాన్సీ తన తోట గురించీ, మొక్కలు కత్తిరించే కత్తెర అమ్మమ్మకి ఇచ్చి రమ్మని పిల్లని పంపడం గురించీ చెప్తుంది. మనకి ఆమె ఇల్లు అలవాటయ్యేలోగా రాల్ఫ్ వచ్చి ఆ రోజు తన వైపు నుంచి ఎలా గడిచిందో చెప్తాడు. నాన్సీ మాత్రం పిల్ల బతికే ఉందనుకుంటూ ఏళ్ళు గడిపేస్తుంది. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే సంస్థలో చేరుతుంది, సభల్లో మాట్లాడుతుంది. మనకి తెలిసిపోయిన విషయం ఆమెకి తెలీదు. హాల్లో కూర్చున్నవాళ్ళందరూ ఆమె దగ్గర ఒక నిజం దాచినవాళ్ళవుతారు. నాకు తెలిసి ఈ నాటకంలో అన్నిటికంటే క్రూరమైన ఏర్పాటు ఇది. హత్య వేదిక మీద కనిపించదు. కనిపించాల్సిన అవసరం కూడా లేదు.

రాల్ఫ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. జైల్లో ఉన్న హంతకుడి దగ్గర కూర్చుని మాటలు రాబట్టిన రచయితలు చాలామందే ఉన్నారు. బండీ దగ్గరికి స్టీఫెన్ మిషో, హ్యూ ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పాత్రికేయులు 1980లో టేప్‌రికార్డర్ పట్టుకుని వెళ్ళారు. అతను నేరం ఒప్పుకోడు, మాట్లాడటం మాత్రం ఇష్టం. అప్పుడు మిషో ఒక ఉపాయం చేశాడు: నీ గురించి కాదయ్యా, ఇలాంటి పనులు చేసేవాడు ఎలాంటివాడై ఉంటాడో ఊహించి చెప్పు, అన్నాడు. బండీ టేప్‌రికార్డర్ దగ్గరికి జరిగి, ‘అతను’ ‘అతను’ అంటూ గంటలకొద్దీ చెప్పుకుపోయాడు. మన రిహార్సల్ గదుల్లో నటులకి ‘పాత్రలోకి వెళ్ళు’ అంటాం కదా, ఇది పాత్రలోంచి బయటికి వచ్చి నిలబడ్డ మనిషి చేసిన నటన. అలాంటి ఇంటర్వ్యూలు చదివేటప్పుడు నాకెప్పుడూ ఒక అసౌకర్యం. హంతకుడు తెలివైనవాడిగా, రహస్యం దాచుకున్నవాడిగా కనపడతాడు. రచయిత ఆ రహస్యం వైపు వంగి కూర్చుని ఉంటాడు. చదివేవాడు కూడా వంగుతాడు.

లావరీ రాల్ఫ్ దగ్గర ఏ రహస్యమూ లేదు. నాకు ఈ నాటకంలో బాగా నచ్చింది అదే. అతను తన పచ్చబొట్ల గురించి చెప్తాడు, తన వీడియో క్యాసెట్ల గురించి చెప్తాడు, పని ఎంత పద్ధతిగా చేస్తాడో చెప్తాడు. స్టాకు లెక్కలు ఒప్పజెప్పే గోడౌన్ గుమాస్తాలా ఉంటుంది ఆ ధోరణి. పోలీసులు తనని సరిగ్గా గౌరవించలేదని చిరాకు పడతాడు. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ఏ మార్పూ ఉండదు. మామూలుగా ఇలాంటి పాత్రని చూసి భయపడతాం, లేదా ముగ్ధులం అవుతాం. ఇక్కడ విసుగొస్తుంది. ఆ విసుగు పుట్టించడానికి చాలా నిగ్రహం కావాలి. ఈ రాల్ఫ్ వెనక కూడా ఒక పుస్తకం ఉంది. రాబర్ట్ బ్లాక్ అనే పిల్లల హంతకుడితో లైంగిక నేరాల నిపుణుడు రే వైర్ జైల్లో మాట్లాడాడు, ఆ మాటల ఆధారంగా పాత్రికేయుడు టిమ్ టేట్‌తో కలిసి 1995లో ‘ద మర్డర్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ రాశాడు. లావరీ అది చదివింది.

ఇక నాన్సీ రాల్ఫ్‌ని చూడటానికి జైలుకి వెళ్ళే ఘట్టం. వద్దని అగ్నెతా అంటుంది. పెద్ద కూతురు ఇంగ్రిడ్ తూర్పు దేశాలు తిరిగొచ్చి, వదిలెయ్యమ్మా, క్షమించెయ్యి అని తల్లికి చెప్పి ఉంటుంది. నాన్సీ వెళ్తుంది. ఫోటోలు తీసుకెళ్తుంది. ఇది రోనా, ఇది అప్పటి మా ఇల్లు అని చూపిస్తుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి ఆల్బం చూపించినట్టు చూపిస్తుంది. ఆ మామూలుతనం భరించడం కష్టం. తర్వాత అతని చిన్నతనం అడుగుతుంది. తండ్రి కొట్టిన దెబ్బల సంగతి వస్తుంది. అప్పుడు నెప్పి పుట్టిందా అని అడుగుతుంది, ఏ తల్లైనా ఏ పిల్లాడినైనా అడిగేట్టే. పుట్టిందంటాడు. తనకి నెప్పి పుట్టిందంటే ఆ పిల్లకీ పుట్టి ఉంటుందన్న సంగతి, ఇరవై ఏళ్ళుగా తట్టనిది, అప్పుడు తడుతుంది. అంతే. ఆ తర్వాత రాల్ఫ్‌కి గుండెల్లో నెప్పి మొదలవుతుంది. ఏదో జబ్బు చేసిందనుకుంటాడు. నాన్సీకి ఉత్తరం రాయబోతాడు, పంపలేడు. ఉరి వేసుకుంటాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఆలోచిస్తే నాన్సీ వేసిన ప్రశ్న క్షమాపణా, శిక్షా అని నాకు తేలలేదు. ఆమె క్షమించానని చెప్తుంది. అతను చచ్చిపోతాడు. అన్నేళ్ళు ఎవ్వరి తిట్లూ, ఏ కోర్టూ చెయ్యలేని పని ఒక దయగల ప్రశ్న చేసింది. నాన్సీకి అలా జరుగుతుందని ముందే తెలుసా? నాటకం చెప్పదు. నటి ఎలా చేస్తే అలా. మన రంగస్థలం మీద ఈ పాత్ర వేయగల వాళ్ళు ఇద్దరు ముగ్గురు నా మనసులో ఉన్నారు గానీ, ఈ నాటకాన్ని తెలుగులో వేసే ధైర్యం ఏ పరిషత్తుకి ఉంటుందో!

మిగిలింది అగ్నెతా. గొడవంతా ఈమెతోనే.

చదువుతున్నప్పుడు నాకు అగ్నెతా మీద ముందునుంచీ ఒక ఫిర్యాదు ఉంది. ఆమె మాట్లాడేదాంట్లో సగం ఉపన్యాసం. నిజంగానే ఉపన్యాసం, వరుస హత్యలు క్షమించదగినవా కాదా అన్న పరిశోధన పత్రాన్ని సభలో చదువుతుంటుంది. చిన్నప్పుడు పడ్డ హింస, తలకి తగిలిన దెబ్బలు, నరాల లోపాలు కలిస్తే మనిషిలో ఆపుకునే శక్తి ఎలా చచ్చిపోతుందో వివరిస్తుంది. చెడ్డతనం వల్ల చేసిన నేరం వేరు, జబ్బు వల్ల చేసిన నేరం వేరు అనేది ఆమె వాదం. మంచి వాదమే. కానీ నాన్సీ మాటల్లో ఉన్న తోట మట్టి వాసన గానీ, రాల్ఫ్ మాటల్లో ఉన్న చిల్లర లెక్కలు గానీ ఇందులో ఉండవు. ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టు ఉంటుంది.

తెచ్చి అతికించిందే. 1997 ఫిబ్రవరిలో గ్లాడ్‌వెల్ ‘న్యూయార్కర్’ పత్రికలో డొరతీ లూయిస్ గురించి ‘డ్యామేజ్డ్’ అనే వ్యాసం రాశాడు. లూయిస్, ఆమెతో కలిసి పనిచేసిన నరాల వైద్యుడు జొనథన్ పింకస్, వాళ్ళ పరిశోధన, వాళ్ళ వాదం అంతా అందులో ఉంది. నాటకం న్యూయార్క్ వచ్చాక, చూసినవాళ్ళు లూయిస్‌తో ఇది నీ కథలా ఉందేమిటి అనడం మొదలుపెట్టారు. ఆమె స్క్రిప్టు తెప్పించి చదివింది. గ్లాడ్‌వెల్ వ్యాసంలోని వాక్యాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా పన్నెండు చోట్ల, మొత్తం 675 మాటల దాకా కనిపించాయి. అదొక్కటే అయితే అది గ్లాడ్‌వెల్ గొడవ. లూయిస్‌కి తన జీవితం కూడా కనిపించింది. తను 1998లో రాసుకున్న ‘గిల్టీ బై రీజన్ ఆఫ్ ఇన్సానిటీ’ అనే పుస్తకంలోని విషయాలు, ప్రయాణానికి హడావిడిగా ఇల్లు వదిలి బయల్దేరడం లాంటి చిన్నా చితకా వివరాలతో సహా. వాటి పక్కనే ఎప్పుడూ జరగనిది ఒకటి కనిపించింది. నాటకంలో అగ్నెతాకి డేవిడ్ అనే సహ పరిశోధకుడు ఉంటాడు. అతను చనిపోతాడు. చనిపోయే ముందు ఇద్దరి మధ్యా సంబంధం నడిచిందని, అతని భార్య అగ్నెతాకి స్నేహితురాలని తెలుస్తుంది.

2004 సెప్టెంబరులో ఇది పత్రికలకెక్కింది. లావరీ పేరు పక్కన దొంగతనం అనే మాట చేరిపోయింది.

గ్లాడ్‌వెల్ అదే ఏడాది నవంబరులో ‘సంథింగ్ బారోడ్’ అనే వ్యాసం రాశాడు. చాలా తెలివైన వ్యాసం, చాలా ఉదారమైన వ్యాసం కూడా. మొదట కోపం వచ్చి లావరీకి ఉత్తరం రాశానని, తర్వాత నాటకం చదివాక కోపం పోయిందని చెప్తాడు. తన వాక్యాలు ఇంకా పెద్ద పనికి, తను చెయ్యలేని పనికి ఉపయోగపడ్డాయంటాడు. సంగీతం నుంచి ఉదాహరణలు తెస్తాడు: ఒక పాటలోని నాలుగు స్వరాలు ఇంకో పాటలో వినపడితే అది దొంగతనమా, సంప్రదాయమా? పాతదాన్ని తీసుకుని కొత్తది చెయ్యడమే కదా కళ అంటాడు. రాసేవాళ్ళు తమ వాక్యాల మీద పెంచుకునే మమకారం కాస్త అతి అని కూడా అంటాడు.

నా వృత్తిలో ఈ మాటకి వెంటనే తలూపుతాం. మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది ఎవరో రాసిన కోడు తెచ్చుకోవడమే. పైన లైసెన్సు ఫైలు పెట్టి, రాసినవాడి పేరు ఉంచితే చాలు. అందరికీ మంచిదే. అందుకే మొదటిసారి చదివినప్పుడు కేసు తేలిపోయిందనుకున్నాను. లావరీ పేరు పెట్టడం మర్చిపోయింది, పెట్టి ఉంటే గొడవ లేదు, పుస్తకం మూసెయ్యొచ్చు.

తేలిపోలేదని నాకు తెలియడానికి కారణం మా పెద్దమ్మ.

పదేళ్ళ కిందట నేనో కథ రాశాను. అప్పటికి రాసినవి రెండో మూడో. మా పెద్దమ్మ కొడుకు చిన్నప్పుడు కాలవలో పడి పోయాడు. నేను పుట్టకముందు సంగతి. పెద్దమ్మ ఓ వేసవి సెలవుల్లో, వడియాలు పెడుతూ, నాకు మొత్తం చెప్పింది. వాడి చొక్కా రంగు, రేవులో రాళ్ళు, ఎవరు ముందు పరుగెత్తుకొచ్చారు, అన్నీ. నేను అవన్నీ కథలో పెట్టాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. చదివినవాళ్ళు వివరాలు ఎంత బాగున్నాయో అన్నారు. పత్రిక మా ఊరు చేరింది. తర్వాత వెళ్ళినప్పుడు పెద్దమ్మ అన్నం పెడుతూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

“అంతా బానే రాశావు నాన్నా. నేను పడుకున్నానని రాశావేంరా?”

కథలో ఆ తల్లి మధ్యాహ్నం ఒక్క కునుకు తీస్తుంది. ఆ కునుకులో పిల్లాడు రేవుకి వెళ్తాడు. ఆ కునుకు లేకపోతే నా కథ లేదు. జీవితాంతం ఆమె నిద్రపోకపోవడమే కథ మరి.

“కథ కదా పెద్దమ్మా,” అన్నాను.

“నేను కోటా షాపు దగ్గర లైనులో ఉన్నానురా. కిరసనాయిలు ఇస్తున్నారని వెళ్ళాను. అప్పటివాళ్ళకి తెలుసు. ఇప్పుడు పిల్లలు నువ్వు రాసిందే నమ్ముతారు.”

పప్పు వేసింది. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. క్షమాపణ చెప్పానా అంటే, అన్నం తిన్నాను.

లూయిస్ ఫిర్యాదు చదివినప్పుడు నాకు ఆ కోటా షాపు లైను కనిపించింది. వాక్యాలు పోవడం ఆమె బాధలో చిన్న భాగం. తనలాంటి మనిషి, తన పని, తన నడత, తన సామాను, తన మాటలు అన్నీ అచ్చు గుద్దినట్టు ఉండి, వాటి మధ్యలో ఒక్క అబద్ధం ఉంటే, చూసేవాళ్ళు దేన్ని నమ్మి దేన్ని వదులుతారు? పది నిజాలు చుట్టూ నిలబడి ఆ పదకొండోదానికి సాక్ష్యం చెప్తాయి. గ్లాడ్‌వెల్ కూడా ఆమె బాధ ఇదేనని గుర్తిస్తాడు, గుర్తించి రాస్తాడు. కానీ తర్వాత వాదన మళ్ళీ వాక్యాల వైపు, స్వరాల వైపు వెళ్ళిపోతుంది. ఆయన పోగొట్టుకున్నది 675 మాటలు. అది తిరిగి ఇవ్వడం సులువు, పేరు వేస్తే సరిపోతుంది. లూయిస్‌కి పేరు వేస్తే? ‘అగ్నెతా పాత్రకి ఆధారం డాక్టర్ డొరతీ లూయిస్’ అని కరపత్రంలో అచ్చేస్తే? ఆ లేని సంబంధాన్ని ఊరంతా ఆమెకి అంటగడుతుంది. ఒకరికి మందైనది ఇంకొకరికి విషం. మా లైసెన్సు ఫైలు పద్ధతి మనిషి బతుక్కి పనిచెయ్యదని నాకు అక్కడ అర్థమైంది.

మరి లావరీకి ఆ సంబంధం ఎందుకు కావలసి వచ్చింది? నాకు కునుకు ఎందుకు కావలసి వచ్చిందో అందుకే. మూడు పాత్రల నాటకం. ఒకడు చంపినవాడు, ఒకామె పోగొట్టుకున్నది. మూడో ఆమె మంచిది, పనిమంతురాలు, కోటు వేసుకున్న డాక్టరు. క్షమాపణ గురించిన నాటకంలో క్షమాపణ అడగాల్సిన అవసరం లేని మనిషి వేదిక మీద బొమ్మలా నిలబడిపోతుంది. ఆమెకో తప్పు కావాలి. తప్పు ఇచ్చింది. నాటకరచయితగా సరైన నిర్ణయమే. ఉపన్యాసాలు పక్కనపెడితే అగ్నెతా మనిషిలా అనిపించేదల్లా ఆ తప్పు ఉన్నచోటే, సూట్‌కేసు పట్టుకుని ఏడుపు ఆపుకోలేక అవస్థపడేచోటే. ఆ తప్పు నాటకానికి ప్రాణం, లూయిస్‌కి నింద. రెండూ ఒకే వాక్యం. దీన్ని విడదీసే దారి నాకు కనపడలేదు, ఒక్కటి తప్ప: మిగతా పది నిజాలనీ వదిలెయ్యడం. అగ్నెతాకి ఐస్లాండు మూలాలున్న పేరు పెట్టడం మా ఊరి పేరు మార్చడం లాంటిదే. ఇల్లు అదే ఉంచి గేటుకి రంగు వేసినట్టు.

ఇందులో ఇంకో ముడి ఉంది. లావరీ నిర్లక్ష్యం మనిషి కాదు. నాన్సీ పాత్రకి ఆమె మరియన్ పార్టింగ్టన్ రాసిన వ్యాసం చదివింది. ఫ్రెడ్, రోజ్‌మేరీ వెస్ట్ దంపతుల చేతుల్లో పోయిన ఒకమ్మాయికి మరియన్ అక్క. 1973లో మాయమైన చెల్లెలి ఎముకలు 1994లో గ్లాస్టర్‌లో దొరికితే, వాటిని తన చేతులతో వస్త్రాల్లో చుట్టిన సంగతి మరియన్ 1996లో ‘గార్డియన్’లో రాసింది. నాటకంలో నాన్సీ కూతురి ఎముకలని చూడటానికి వెళ్ళే దృశ్యం వెనక ఆ వ్యాసం ఉంది. లావరీ మరియన్ విషయంలో జాగ్రత్తపడింది, ఆమె పేరు చెప్పింది, ఆమెకి బాధ కలగకూడదనుకుంది. గ్లాడ్‌వెల్ వ్యాసం దగ్గరికి వచ్చేసరికి, అది వార్త అనుకున్నానని అతనితో చెప్పింది. వార్త అంటే ఎవరిదీ కాదు, అందరిదీ.

అంటే ఒకే నాటకరచయిత ముగ్గురి జీవితాల్లోంచి తీసుకుంటూ మూడు రకాలుగా నడుచుకుంది. ఏడుస్తున్న మనిషి దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. హంతకుడి దగ్గర ఏ మర్యాదా అక్కర్లేదనుకుంది, మనమూ అలాగే అనుకుంటాం. ఎదుటి కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకునే మనిషి మాత్రం ఆమెకి మనిషిలా కనపడలేదు, కిటికీలా కనపడింది. లావరీ ఒక్కర్తే కాదు. డాక్యుమెంటరీ చూస్తున్నంతసేపూ నేనూ బండీ గొంతు కోసమే చెవులు రిక్కించాను. ఆ ఎదురుగా కూర్చున్నామె ఆ రాత్రి హోటల్ గదికి వెళ్ళి ఏం చేసిందో నాకు ఆలోచనే రాలేదు.

హంతకుడికి మర్యాద అక్కర్లేదన్న మాట కూడా అంత తేలిక కాదులెండి. మద్రాసులో ఆటో శంకర్ అనే హంతకుడు మరణశిక్ష పడి జైల్లో ఉండగా ఆత్మకథ రాశాడు. తమిళ పత్రిక ‘నక్కీరన్’ దాన్ని సీరియల్‌గా వేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. అందులో కొందరు అధికారులతో అతనికున్న సంబంధాలు ఉన్నాయని పత్రిక వాదన. 1994లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినాయన. అచ్చుకి ముందే ఆపే హక్కు అధికారులకి లేదన్నారు. కోర్టు రికార్డులో ఉన్నంత మేరకు ఆ కథని అతని అనుమతి లేకపోయినా వేసుకోవచ్చన్నారు. ఆ రికార్డు దాటి అతని జీవితంలోకి వెళ్తే మాత్రం, అనుమతి లేకుండా వేసినది అతని ఏకాంతంలోకి చొరబడటమే కావచ్చన్నారు. ఆటో శంకర్‌ని మర్నాటి ఏడు సేలంలో ఉరితీశారు. ఉరికంబం ఎక్కబోయే మనిషికి కూడా తన బతుకు కథ మీద కొంత హక్కు ఉందని చెప్పిన తీర్పది. అలాంటప్పుడు డాక్టరుకి ఉండదా, కోటా షాపు లైన్లో నిలబడ్డ పెద్దమ్మకి ఉండదా?

నేను ‘ఫ్రోజెన్’ చదవొద్దని చెప్పట్లేదు. ఆ జైలు దృశ్యం కోసమైనా చదవాలి. లూయిస్ వాదం, గ్లాడ్‌వెల్ వాక్యాలు, రే వైర్ పుస్తకం అన్నీ తీసేసినా ఆ దృశ్యం నిలబడుతుంది, ఎందుకంటే అది వాటిలో దేంట్లోనూ లేదు. ఎవ్వరి దగ్గరా తీసుకోకుండా రాసినచోట లావరీ అందరికంటే పైన ఉంది. అరువు తెచ్చుకున్న చోటే ఆవిడ గొంతు పొడిబారింది. ఇది న్యాయమూర్తి చేసే వాదన కాదు, పాఠకుడు చేసే వాదన. నైతికంగా తప్పా కాదా అన్నది పక్కన పెట్టినా, ఆ ఉపన్యాసాలు నాటకానికి బరువే.

నాటకం చివర్లో రాల్ఫ్ అంత్యక్రియల దగ్గర నాన్సీ, అగ్నెతా కలుస్తారు. అగ్నెతా డేవిడ్ సంగతి నాన్సీతో చెప్పుకుంటుంది. అతని భార్యకి చెప్పెయ్యనా అని అడుగుతుంది. నాన్సీ వద్దంటుంది. చెప్పేస్తే నీ బరువు దిగుతుంది గానీ అది ఆవిడ నెత్తిన పడుతుంది, నువ్వే మొయ్యి అన్నట్టుగా ఉంటుంది ఆ సమాధానం. హంతకుణ్ణి క్షమించిన మనిషి, ఈమెకి మాత్రం ఆ సౌకర్యం ఇవ్వదు. చదువుతూ అక్కడ ఆగి, ఇది లావరీ అగ్నెతాకి రాసిన మాటా, లూయిస్‌కి రాయాల్సిన మాటా అనుకున్నాను. 1998లో ఆవిడకి ఇవేవీ తెలీవు కదా.

పెద్దమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ కథని పుస్తకంలో వేస్తామని మొన్న ఒకరు అడిగారు. ఫైలు తెరిచి, కునుకు తీసేసి, కోటా షాపు లైను పెట్టి చూశాను. కథ నిలబడలేదు. వెయ్యొద్దని చెప్పాను.